గోపురం మీద నాన్నమ్మ

ఆ రోజు ఏ గంటకు ఏం జరగాలో సాండ్రో ముందురోజే ఒక కాగితం మీద రాసి, వంటింట్లో ఫ్రిజ్ తలుపుకు అంటించాడు. ఎనిమిది నలభైకి లివోర్నో స్టేషన్లో రైలు. తొమ్మిదికి పీసా. స్టేషన్ ఎదుట కాఫీ. తర్వాత పదకొండు దాకా ఊరు చూడటం. పదకొండున్నరకు ఇంజినీరింగ్ కాలేజీలో అధ్యాపకుల ముందు నిలబడి, తను రాసిన పరిశోధన వ్యాసం గురించి చెప్పి, వాళ్లు అడిగినవాటికి జవాబులిచ్చి, పట్టా పుచ్చుకోవడం. ఒంటిగంటన్నరకు భోజనం. అంతటితో కాగితం అయిపోయింది. కాగితంలో లేనిదేదీ ఆ రోజు జరగకూడదని అతని ఉద్దేశం.

బార్దీల ఇంట్లో అప్పటిదాకా ఎనిమిదో తరగతి దాటినవాళ్లు లేరు. తండ్రి నెదో లివోర్నో ఓడరేవులో క్రేను నడుపుతాడు. తల్లి మిలేనా బడి పిల్లలకు వండిపెడుతుంది. నాన్నమ్మ ఆర్జీయా నలభై ఏళ్లు పెద్ద మార్కెట్లో చేపలమ్మింది. సాండ్రో ఆరేళ్లు రోజూ రైలెక్కి పీసా వెళ్లి చదివాడు. ఆ ఇంటి పేరు పక్కన ఒక పట్టా ఉండటమో ఉండకపోవడమో ఆ ఉదయంతో తేలిపోతుంది.

నాన్నమ్మ బయలుదేరడమే పెద్ద విశేషం. పీసా రైల్లో ఇరవై నిమిషాల దూరం. డెబ్బై ఎనిమిదేళ్ల జీవితంలో ఆవిడ ఒక్కసారి కూడా అక్కడ కాలు పెట్టలేదు. ఎందుకని అడిగితే లివోర్నోలో ఎవరూ కారణం చెప్పరు. వాళ్లు పీసావాళ్లు, అదే కారణం. మనవడు చదివిన ఆరేళ్లూ ఆవిడ ఆ ఊరి పేరు ఎత్తకుండానే నెట్టుకొచ్చింది. "అక్కడికెళ్లొచ్చావా? అక్కడ తినడానికేమైనా పెట్టారా?" అనేది. పట్టా రోజుకు మాత్రం తనంతట తనే నల్ల గౌను ఇస్త్రీ చేసుకుంది. పొద్దున్నే పొయ్యి దగ్గర నిలబడి శనగపిండి రొట్టె పలచగా కాల్చి కాగితంలో చుట్టింది. బాల్కనీలో కుండీలో పెంచే లారెల్ చెట్టు కొమ్మలు తుంచి, ఎర్ర రిబ్బనుతో పూలదండలా గుండ్రంగా కట్టింది. పట్టా వచ్చినవాడి తల మీద పెట్టే కిరీటం అది. రొట్టె, కిరీటం రెండూ సంచీలో సర్దుకుంది. మిగిలిన రోజుల్లో ఆ చెట్టు ఆకులు చేపల పులుసులోకి వెళ్తాయి.

రైలు కదిలాక నెదో కోటు జేబులోంచి నాలుగు టికెట్లు తీసి కొడుకు ముందు పేకముక్కల్లా పరిచాడు. వాలు గోపురం ఎక్కడానికి, తొమ్మిది ముప్పావుకు, నలుగురికి. రెండు నెలల క్రితమే కొని దాచాడట. "రెండేళ్లు దాని కింద మట్టి గురించి రాశావు కదరా. పైకెక్కించి చూపించు మాకు. ఎక్కడ ఎంత వాలిందో నీ నోటితో చెబితే వింటాం" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయన రెండు నెలలు ఆగాడని మొహం చూస్తేనే తెలుస్తోంది.

సాండ్రో మొహంలో నెత్తురు చుక్క లేదు.

పీసాలో చదివే పిల్లలకు ఒక నియమం ఉంది. పట్టా చేతికి రాకముందు గోపురం ఎక్కకూడదు. ఎక్కితే పట్టా రాదు. ఇది ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, కానీ పాటించనివాడు లేడు. గోపురం కింద బంకమట్టి ఏ సంవత్సరం ఎంత కుంగిందో సాండ్రో మిల్లీమీటర్లతో సహా చెప్పగలడు. దాని మొదటి మెట్టు మీద కూడా కాలు పెట్టలేదు. రెండేళ్ల పాటు దాని చుట్టూ తిరిగి, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు.

ఈ సంగతి తండ్రికి చెప్పేస్తే సరిపోయేది. కానీ ఎదురు సీట్లో నాన్నమ్మ ఉంది. ఇంట్లో ఎవరికైనా తలనొప్పి వస్తే ఆవిడ పళ్లెంలో నీళ్లు పోసి నూనె చుక్కలు వేసి, చుక్క విచ్చుకుంటే దిష్టి తగిలిందని తేల్చేది. ఆరేళ్లుగా సాండ్రో పక్కన నిలబడి అది దిష్టి కాదు, తలతన్యత అని పాఠం చెబుతూ వచ్చాడు. ఉప్పు ఒలికితే ఆవిడ భుజం మీదుగా చిటికెడు వెనక్కి విసిరేది. దానికీ పాఠమే. అలాంటివాడు ఇప్పుడు గోపురం ఎక్కితే పట్టా పోతుందని నోరు విప్పి ఎలా చెబుతాడు?

"నాకు ఎత్తంటే కళ్లు తిరుగుతాయి నాన్నా" అన్నాడు.

నెదో కొడుకును ఎగాదిగా చూశాడు. ఏడేళ్ల వయసులో వీణ్ని క్రేను పైదాకా తీసుకెళ్తే, దిగనని ఏడ్చాడు. ఆ సంగతి గుర్తు చేశాడు. సాండ్రో మాట మార్చి, చాలాసార్లు ఎక్కాను, విసుగొచ్చింది అన్నాడు. ఇప్పుడేగా కళ్లు తిరుగుతాయన్నావు అన్నాడు తండ్రి. చివరికి సాండ్రో, "ముందు పట్టా రానీ నాన్నా. వస్తుందో రాదో ఇంకా తెలీదు కదా" అని కిటికీలోంచి బయటికి చూశాడు.

ఆ ఒక్క మాట చాలు. పక్షం రోజుల క్రితం పేపర్లో ఒక వార్త వచ్చింది. ఎక్కడో ఒక కుర్రాడు ఏళ్ల తరబడి కాలేజీకి వెళ్తున్నట్టు నటించి, ఒక్క పరీక్ష కూడా రాయలేదు. పట్టా రోజున చుట్టాలంతా పూలగుత్తులతో దిగితే అక్కడ పట్టా లేదు, కుర్రాడూ లేడు. మిలేనా ఆ వార్త రెండుసార్లు చదివి, పేపరు మడిచి సొరుగులో పెట్టింది. ఇప్పుడామె మొగుడి మోచేతిని నొక్కి, చెవిలో ఏదో గుసగుసలాడింది. తర్వాత ఇద్దరూ కొడుకుతో మామూలుగా మాట్లాడటం మానేసి, పరీక్షగా మాట్లాడటం మొదలుపెట్టారు. గోపురానికి ఎన్ని మెట్లు అని నెదో అడిగాడు. రెండువందల యాభై పైచిలుకు అని సాండ్రో తడుముకోకుండా చెప్పాడు. పుస్తకంలో చదివి ఉంటాడని మిలేనా కళ్లతోనే జవాబిచ్చింది.

గోపురం దగ్గరికి వెళ్లేసరికి తొమ్మిదిన్నర దాటింది. పూలు కొనాలని చెప్పి మిలేనా పక్క సందులోకి వెళ్లింది. ఇంజినీరింగ్ కాలేజీ ఉన్నది ఆ సందు చివరే. నెదో కొడుకు పక్కనే, కంటైనరుకు కాపలా ఉన్నట్టు నిలబడ్డాడు. నాన్నమ్మ మాత్రం ఎవరినీ పట్టించుకోకుండా సంచీతో నేరుగా గోపురం గుమ్మం దగ్గరికి నడిచింది.

అక్కడ టికెట్లు చూసేవాడి పేరు ఫోస్కో. యాభై దాటిన మనిషి, బూడిదరంగు మీసం. సంచులు లోపలికి తీసుకెళ్లకూడదు మామ్మగారూ, అక్కడ భద్రపరిచే చోట ఇచ్చి రండి అన్నాడు మర్యాదగానే. ఆవిడ "దే" అంది. లివోర్నోవాళ్లు ఏ మాటకైనా ముందు ఆ ముక్క వేస్తారు. వాళ్లు నోరు తెరిస్తే ఊరి పేరు వేరే అడగాల్సిన పనిలేదు.

ఫోస్కో మీసం కింద నవ్వాడు. సంచీలోంచి వస్తున్న వాసన పీల్చి, "చెచీనా తెచ్చుకున్నారా?" అన్నాడు.

"ఇది తోర్తా" అంది ఆర్జీయా.

"శనగపిండి, నీళ్లు, నూనె. చెచీనా."

"మీ అమ్మ చేస్తే చెచీనా అవుతుందేమో. నేను చేస్తే తోర్తా."

ఒకే రొట్టెకు ఇరవై నిమిషాల దూరంలో రెండు పేర్లు. దానికోసం రెండు ఊళ్లూ ఎన్నేళ్ల నుంచి తిట్టుకుంటున్నాయో లెక్కలేదు. వెనక వరసలో నిలబడ్డ విదేశీయులు ఇదీ టికెట్లో భాగమే అనుకుని ఫోటోలు తీశారు. ఫోస్కో గొంతు సవరించుకుని, మీ ఊళ్లో ఒక సామెత ఉందట కదా మామ్మగారూ అన్నాడు. ఆవిడ వెంటనే అందుకుంది. "ఉంది. గుమ్మంలో పీసావాడు నిలబడటం కన్నా ఇంట్లో శవం ఉండటం మేలు."

"దేవుడు మీ కోరిక తీర్చుగాక" అన్నాడు ఫోస్కో. పీసావాళ్లు తరతరాలుగా చెప్పే జవాబు అదే. "అయితే ఇవాళ మా గుమ్మంలో మీరున్నారు. పైకి ఈ వయసులో కష్టం. కింద బెంచీ ఉంది, కూర్చోండి."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. ఆర్జీయా సంచీని భద్రపరిచే చోట ఇచ్చేసింది. రొట్టె పొట్లాన్ని మాత్రం గౌను జేబులో దోపుకుంది. వెంట వస్తానన్న కొడుకుతో, నువ్వు వీడి దగ్గరుండు అని చెప్పింది. విదేశీయుల గుంపు మధ్యలో చేరి, నల్ల గౌను కుచ్చిళ్లు ఒక చేత్తో పైకి పట్టుకుని లోపలికి మాయమైంది. నాన్నమ్మ పైకి వెళ్లడం సాండ్రోకు ఒక రకంగా ఊరటే. టికెట్టు వృథా కాలేదు, తను ఎక్కనూ లేదు. పదకొండున్నర ఇంకా దూరంగానే ఉంది.

ఇక్కడ ఇలా ఉంటే, మిలేనా కాలేజీ గోడ మీద అంటించిన జాబితా ముందు నిలబడి ఉంది. ఆ రోజు పట్టా తీసుకునేవాళ్ల జాబితా అది. అందులో ఒక్క పేరు లేదు. అన్నీ ఆరంకెల సంఖ్యలే. మిలేనా కిటికీ దగ్గర కూర్చున్న గుమస్తాను సాండ్రో బార్దీ ఉన్నాడా అని అడిగింది. వ్యక్తిగత వివరాలు చెప్పకూడదమ్మా, చట్టం ఒప్పుకోదు అన్నాడతను. నేను వాడి తల్లిని అంది. తల్లులకు కూడా చట్టం ఒప్పుకోదన్నాడు. "అయితే ఉన్నాడని చెప్పలేరా?" అని అడిగింది. అతను నిజాయితీగా, "ఉన్నాడని చెప్పలేను. లేడని కూడా చెప్పలేను" అన్నాడు. ఆ రెండో వాక్యం మిలేనా చెవిదాకా చేరలేదు. ఆమె వరండాలో కూలబడి మొగుడికి ఫోన్ చేసింది.

ఫోన్ విన్న నెదో కొడుకు వైపు చూసిన చూపు సాండ్రోకు ఏమీ అర్థం కాలేదు. ఆయన అరవలేదు. "ఎక్కడికీ పోకు. మేమేం అనం నిన్ను. తిరిగొచ్చేదాకా ఇక్కడే ఉండు" అని, కొడుకు భుజం మీద చేయి వేసి, ఆ చేయి తీసేసి సందులోకి పరుగెత్తాడు. తండ్రి పరుగెత్తగా సాండ్రో చూడటం అదే మొదటిసారి. పూలవాడితో ఏదో గొడవ అయి ఉంటుందనుకున్నాడు.

పది ఇరవైకి గుంపు దిగింది. నాన్నమ్మ అందులో లేదు. వెనకాలే ఫోస్కో చెమటలు తుడుచుకుంటూ వచ్చి విషయం చెప్పాడు. మామ్మగారు ఎక్కడం కొండమేకలా ఎక్కారు. పైకి చేరడానికి ఇంకో ముప్ఫై మెట్లుండగా ఒక్క క్షణం వెనక్కి తిరిగి కిందికి చూశారు. అంతే, మోకాళ్లు వణికాయి. ఇప్పుడు మెట్టు మీద కూర్చుని పైకీ రారు, కిందికీ రారు.

"చేయి పట్టుకుని దించవచ్చుగా" అన్నాడు సాండ్రో.

"చేయిచ్చాను. పీసావాడి చేయి డెబ్బై ఎనిమిదేళ్లు పట్టుకోలేదు, ఇప్పుడు పట్టుకోనంది. ఒక జర్మన్ పెద్దాయన చేయిచ్చాడు. ఎక్కడ దిగావు నాయనా అని అడిగింది. పీసాలో హోటల్లో అన్నాడు. ఆయనా పనికిరాడంది. మనవడొస్తేనే లేస్తానంటోంది."

మెట్లదారి సన్నం. దిగినవాళ్లే ఒక్కొక్కరుగా ఆవిణ్ని ఒరుసుకుంటూ వచ్చారు. ఒక మనిషి కూర్చుంటే తర్వాతి గుంపును పైకి పంపడానికి లేదు. వరసలో అప్పటికే అరవై మంది ఉన్నారు. సాండ్రో తండ్రికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. తల్లికి చేస్తే ఆమె ఎత్తి, ఏడ్చి, పెట్టేసింది. పులి మీద పుట్ర అంటే ఏమిటో అతనికి అప్పుడు తెలిసింది. అగ్నిమాపక దళాన్ని పిలవచ్చా అని అడిగాడు. పిలిస్తే వాళ్లూ పీసావాళ్లే వస్తారన్నాడు ఫోస్కో.

సాండ్రో గుమ్మం ముందు అటు రెండడుగులు, ఇటు రెండడుగులు వేస్తూ ఉండిపోయాడు. ఫోస్కో ఆ అడుగుల్ని కాసేపు చూశాడు. అలాంటి అడుగులు ఆయన ఎన్నో చూసి ఉంటాడు.

"చదువుకుంటున్నావా?"

"అవును."

"పట్టా ఎప్పుడు?"

"ఇవాళే. పదకొండున్నరకు."

ఫోస్కో చేయి దానంతటదే పక్కనున్న ఇనుప కటకటాలను తాకింది. అరిష్టం తప్పించుకోవడానికి అక్కడందరూ ఇనుము ముట్టుకుంటారు. తర్వాత గొంతు తగ్గించి, తన కథ చెప్పాడు. పంతొమ్మిదో ఏట ఆయన ఇదే కాలేజీలో చేరాడు. చేరిన వారానికి ఒక అమ్మాయి పైనుంచి సముద్రం చూద్దామంటే కాదనలేక ఎక్కాడు. "చూడు, ముప్ఫై ఏళ్లు దాటింది. ఇంకా ఇక్కడే ఉన్నాను. ఆ అమ్మాయి కూడా మిగల్లేదు."

"పై మెట్టు దాకా వెళ్తేనే ఎక్కినట్టా? మధ్య దాకా వెళ్లి దిగితే?" సాండ్రో ఇంజినీరు లాగే అడిగాడు.

"నాకు తెలీదు. నేను మొత్తం ఎక్కాను."

పదకొండుకు పది నిమిషాలు తక్కువ. ఆరేళ్ల చదువు ఒక పక్క, నాన్నమ్మ మోకాళ్లు ఒక పక్క. అడకత్తెరలో పోకచెక్క లాగా ఒక నిమిషం నిలబడ్డాడు. తర్వాత కోటు గుండీలు పెట్టుకుని, కుడికాలు ముందు పెట్టాలా ఎడమకాలు ముందు పెట్టాలా అని ఆలోచించి, అలా ఆలోచించినందుకు సిగ్గుపడి లోపలికి వెళ్లాడు.

మెట్లు చలవరాయి. ఒక్కో చోట ఒక్కో వైపు అరిగి, పాత గరిటెల్లా గుంట పడ్డాయి. ఒక అరచుట్టులో శరీరం లోపలి గోడ మీదికి వాలుతుంది, తర్వాతి అరచుట్టులో బయటి గోడ మీదికి. కాగితం మీద ఇదంతా ఎన్నోసార్లు గీశాడు. కాగితం ఎప్పుడూ అతన్ని తోయలేదు.

నాన్నమ్మ మెట్టు మీద కాళ్లు దగ్గరికి పెట్టుకుని కూర్చుని తోర్తా తింటోంది. మనవణ్ని చూసి, రొట్టె కాగితం పక్కకు జరిపి చోటిచ్చింది. "వచ్చావా. నిజం చెప్పరా. మీ అమ్మా నాన్నా రైల్లో గుసగుసలాడుకున్నది నేను విన్నాను. నాకు చెవుడు రాలేదు ఇంకా. నీకు పట్టా లేదా? లేకపోతే లేదని చెప్పు. మార్కెట్లో నా చేపల బండ ఇంకా ఖాళీగానే ఉంది."

అప్పుడు తెలిసింది సాండ్రోకు, తండ్రి ఎందుకు పరుగెత్తాడో, తల్లి ఎందుకు ఏడ్చిందో. చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. గోపురం సంగతి, నియమం సంగతి, రెండేళ్లుగా గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగిన సంగతి, అన్నీ చెప్పేశాడు. ఆర్జీయా నమలడం ఆపి విన్నది.

"అంటే నువ్వు ఇది ఎక్కితే పట్టా పోతుంది."

"అంటారు."

"ఎక్కి వచ్చావు."

"వచ్చాను."

ఆవిడ మిగిలిన రొట్టె కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుంది. తర్వాత భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందేమోనని సాండ్రో వంగి చూశాడు. నవ్వుతోంది. "తలతన్యత అన్నావు కదరా. ఆరేళ్లు నా నూనె పళ్లెం దగ్గర నిలబడి తలతన్యత, తలతన్యత అని నా ప్రాణం తీశావు కదరా." నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. "సరే. నీకోసం నేను ఇక్కడికి రానన్నదాన్ని వచ్చాను. నాకోసం నువ్వు ఎక్కనన్నవాడివి ఎక్కావు. చెల్లుకు చెల్లు. లేవదియ్యి నన్ను."

సాండ్రో చేయిచ్చి లేపి, కిందికి తిప్పబోయాడు. ఆవిడ కదలలేదు. "పైకి" అంది.

"నాన్నమ్మా, ఇక్కడితో దిగిపోతే పూర్తిగా ఎక్కనట్టే లెక్క."

"ఒలికిన ఉప్పు సగం ఒలికిందంటే ఊరుకుంటుందా? ఇంత దూరం వచ్చాక మన ఊరు కనిపిస్తుందో లేదో చూడకుండా పోతానా?"

పైన గాలి ఈడ్చి కొడుతోంది. గంటల పక్కన నిలబడి ఆర్జీయా పడమటి వైపు చూసింది. పొలాల అవతల సముద్రం గీతలా ఉంది. దాని ఒడ్డున చీపురుపుల్లలంత క్రేన్లు. వాటిలో ఒకటి చూపించి అది నెదోదే అంది. అది కాదని చెప్పడానికి సాండ్రో దగ్గర ఆధారమేమీ లేదు.

దిగడం ఎక్కినంత తేలిక కాలేదు. ఒక చేయి మనవడిది. గోపురం బయటికి తోసే అరచుట్టుల్లో రెండో చేయి కూడా కావాలి. ఎదురొచ్చిన ఫోస్కో మోచేయి ముందుకు పెట్టాడు. ఆర్జీయా దాన్ని చూసి, ఆలోచించి, రెండు వేళ్లతో ఆయన చొక్కా పట్టుకుంది. "చేయి కాదు, చొక్కా" అని స్పష్టం చేసింది. కిందికి చేరేసరికి పదకొండూ ఇరవై ఎనిమిది. నడవలేనివాళ్ల కోసం ఉంచిన చక్రాల కుర్చీ ఒకటి ఫోస్కో తోసుకొచ్చాడు. కుర్చీ వెనక అచ్చు వేసిన తయారీ ఊరి పేరు చదివి, పీసా కాదని తేల్చుకున్నాకే ఆవిడ అందులో కూర్చుంది.

పదకొండూ ముప్ఫై ఎనిమిదికి సాండ్రో, చెమటతో మెడకు అతుక్కున్న కాలరుతో, నాన్నమ్మ కుర్చీని హాల్లోకి తోశాడు. ఇంకా మొదలవలేదు. పీసాలో అధ్యాపకులు చెప్పిన వేళకు పావుగంట తర్వాత వస్తారు. అది ఆలస్యం కాదు, ఆచారం. వెనక వరసలో నెదో, మిలేనా పక్కపక్కనే కూర్చుని ఉన్నారు, ఎవరినో సాగనంపడానికి వచ్చినట్టు. పూలు కొనలేదు. తలుపు తెరుచుకుని ఒకావిడ కాగితం చూసి "బార్దీ సాండ్రో" అని పిలిచినప్పుడు, మిలేనా హాలంతా వినబడేలా, "ఉన్నాడు" అంది. హాజరు పలుకుతోందనుకుని ఆవిడ తల ఊపింది.

పరీక్ష అధ్యక్షురాలు ప్రొఫెసర్ ఇసోట్టా గాంబీని, పీసాలోనే పుట్టి పెరిగిన మనిషి. సాండ్రో మట్టి గురించి చెప్పిందంతా విని, లెక్కలు బాగున్నాయన్నది. కళ్లద్దాలు తీసి, ప్రతి ఏడూ అడిగే ప్రశ్నే అడిగింది. గోపురం వాలిందని ఎక్కేవాడికి మొదట ఎక్కడ తెలుస్తుంది? ఆ ప్రశ్నకు పిల్లలందరూ పుస్తకంలోని కోణం చెబుతారు. వేరే జవాబు వాళ్ల దగ్గర ఉండదు.

"అరికాలికి తెలుస్తుందండీ" అన్నాడు సాండ్రో. "ఒక అరచుట్టులో మెట్టు లోపలి గోడ దగ్గర అరిగింది. ఇంకో అరచుట్టులో బయటి గోడ దగ్గర. ఇన్ని వందల ఏళ్లలో ఎక్కినవాళ్లంతా గోపురం తోసిన చోటే కాలు వేశారు. ముసలివాళ్లయితే దిగేటప్పుడు రెండు వైపులా చేయి కావాలి."

గాంబీని కలం కింద పెట్టింది. "నువ్వెప్పుడు ఎక్కావు?"

అబద్ధమాడే ఓపిక అతనికి ఆ ఉదయమే అయిపోయింది. "ఇవాళ, మేడమ్. ఒక గంట క్రితం."

హాల్లో ఎవరో కుర్చీ ఇనుపకాలు తాకిన చప్పుడైంది. తర్వాత ఇంకో మూడు. అధ్యాపకుల వరసలో చివరి ఆయన చేయి బల్ల కిందికి వెళ్లింది. "పట్టాకు ముందా?" అంది గాంబీని. సాండ్రో జవాబు చెప్పేలోగా చక్రాల కుర్చీలోంచి గొంతు వినబడింది. "తప్పు వాడిది కాదమ్మా. నా మోకాళ్లది."

అధ్యాపకులు ఆలోచించుకోవడానికి లోపలికి వెళ్లారు. మామూలుగా ఐదు నిమిషాల పని. పదిహేను నిమిషాలైంది. ఆ పదిహేను నిమిషాల్లో మిలేనా కొడుకు చెవిలో క్షమాపణ చెప్పింది, దేనికో చెప్పలేదు. నెదో జేబులో మిగిలిన గోపురం టికెట్లు ముక్కలు ముక్కలుగా చింపాడు. ఆర్జీయా తన జేబులోంచి చిటికెడు ఉప్పు తీసి భుజం మీదుగా వెనక్కి విసిరింది. సాండ్రో ఈసారి పాఠం చెప్పలేదు. ఇంకో చిటికెడు ఉందా అని అడిగాడు.

తలుపు తెరుచుకుంది. అందరూ లేచి నిలబడ్డారు. నూటపదికి నూట తొమ్మిది మార్కులతో సాండ్రో బార్దీని పట్టభద్రుడిగా ప్రకటిస్తున్నట్టు గాంబీని చదివింది. చేయి కలుపుతూ, పోయిన ఒక్క మార్కు ఎనభై నాలుగో పేజీలో పటం తలకిందులుగా అచ్చయినందుకే పోయిందని, మరే కారణమూ లేదని రెండుసార్లు చెప్పింది.

పట్టా వచ్చింది కానీ తల మీద పెట్టాల్సిన కిరీటం సంచీలో ఉంది. సంచీ గోపురం దగ్గర ఉంది. కుర్చీ ఎలాగూ తిరిగి ఇవ్వాలి. నలుగురూ వెనక్కి వెళ్లారు. సంచులు భద్రపరిచే చోట నిలబడే ఆర్జీయా మనవడి తలకు లారెల్ కిరీటం పెట్టింది. పొయ్యి వాసన, చేపల మార్కెట్ వాసన కలిసి వచ్చాయి దాంట్లోంచి. నెదో అప్పుడు ఏడ్చాడు. గాలికి కంట్లో దుమ్ము పడిందన్నాడు.

ఫోస్కో కుర్చీ అందుకుంటూ కిరీటం వైపు చూశాడు. ఎంత వచ్చిందని అడిగాడు. నూట తొమ్మిది అని సాండ్రో చెప్పాడు.

ఫోస్కో కుర్చీ బ్రేకు వేశాడు, తీశాడు, మళ్లీ వేశాడు. మెడ వెనక్కి వంచి గోపురాన్ని కిందినుంచి పైదాకా, ఎవరో చాలా ఏళ్ల తర్వాత కనిపించినట్టు చూశాడు. "అంటే ముప్ఫై ఏళ్లుగా... దీని తప్పు కాదన్నమాట" అన్నాడు మెల్లగా.

ఆ మొహం చూశాక సాండ్రోకు పట్టా వచ్చినందుకు నొచ్చుకోవాలనిపించింది. అతని కన్నా ముందు నాన్నమ్మ కదిలింది. డెబ్బై ఎనిమిదేళ్లలో మొదటిసారి ఆవిడ ఒక పీసావాడి చేతి మీద చేయి వేసింది.

"తొందరపడి అలా అనుకోకు నాయనా. మావాడు లివోర్నోవాడు. మీ గోపురం శాపం మావాళ్లకు తగిలి ఉండదు. నీకు తగిలే ఉంటుంది."

ఫోస్కో ఆ మాటను కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. భుజాలు కొంచెం పైకి లేచాయి. అలాగే అయ్యుంటుందన్నాడు. ఆర్జీయా జేబులోంచి పొట్లం తీసి, మిగిలిన రొట్టె ముక్క ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని నిలబడే, నూనె వేళ్లకంటకుండా, ఆఖరి పలుకు దాకా తిని మీసం తుడుచుకున్నాడు.

చెచీనా చాలా బాగుందన్నాడు.